రాతిగుంటల హాజరుపట్టీ

నర్సీపట్నం రోడ్డు అని ఒక రైల్వేస్టేషను ఉంది. పేరు నమ్ముకుని అక్కడ దిగిన కొత్తవాళ్లకి ఊరు ఎంతకీ కనబడదు. తుని, యలమంచిలి మధ్య మెయిన్‌లైను మీదున్న ఆ స్టేషను నుంచి నర్సీపట్నం చేరాలంటే పాతిక కిలోమీటర్ల దాకా లోపలికి రావాలి. తూర్పుకి తిరిగితే మాత్రం దాదాపు అందులో సగం దూరంలోనే సముద్రం. ఊరి పేరు మోస్తున్న స్టేషనుకి ఊరికంటే ఉప్పునీళ్లే దగ్గర.

వినడానికి నవ్వులాటగా ఉన్నా, ఊరి చూపు ఎటు తిరిగి ఉందో ఈ పేరులో తెలిసిపోతుంది. నర్సీపట్నం తనని తాను మన్యానికి గుమ్మం అనుకుంటుంది. చింతపల్లి, లంబసింగి బస్సులు ఇక్కడే ఎక్కాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్‌స్టేషను మీద పడిన కథ ఇక్కడి పిల్లలకి పాఠంలో చదవక ముందే ఇంట్లో తెలుస్తుంది. సముద్రం మాటెత్తితే మాత్రం అది వైజాగు సంగతి కదా అంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాక ఆ మాట చెల్లకుండా పోయింది. పరవాడ, అచ్యుతాపురం, రాంబిల్లి, ఎస్.రాయవరం, నక్కపల్లి, పాయకరావుపేట మండలాల తీరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ముత్యాలమ్మపాలెం, పూడిమడక, రేవుపోలవరం, రాజయ్యపేట, పెంటకోట ఇప్పుడు నర్సీపట్నానికి సొంత జిల్లా ఊళ్లే. నీళ్లకైతే ఈ గీతలతో ఏనాడూ పనిలేదు. నాతవరం దగ్గర జలాశయంలో నిలిచే తాండవ, తుని పక్కనుంచి పారి పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువన పొలంలో చల్లిన మందు, కాలవలో పారేసిన కవరు కూడా ఆ దారి పట్టిపోయేవే.

అందుచేత తీర సంరక్షణ మీద ఈ స్మారక ఉపన్యాసానికి కొండ కింది ఊరు తగనిదేమీ కాదు. ఇలాంటి ఉపన్యాసం ఒకరి పటానికి దండ వేసి మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇక్కడ దండ పడవలసింది ఒక్కరికి కాదు, ఒక తరానికి. 1950లలో, 60లలో విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి రాళ్ల మీదకి దిగి, కాళ్లు కోసుకుంటూ, ఏ రాయి మీద ఏ జీవి ఎంత ఎత్తులో ఉంటోందో రాసిపెట్టిన తరం అది. జువాలజీ ఆచార్యుడు పి.ఎన్.గణపతి, ఆయనతో పనిచేసిన ఎం.వి.లక్ష్మణరావు, ఆర్.నాగభూషణం, జి.చంద్రశేఖరరావు, బోటనీ వైపునుంచి టి.శ్రీరాములు, ఎం.ఉమామహేశ్వరరావు. వీళ్ల పేర్లు వీధులకి లేవు. వీళ్లు రాసిన కాగితాల విలువ మాత్రం ఏడాదికేడాది పెరుగుతోంది. ఎందుకు పెరుగుతోందో చెప్పాలంటే ముందు రాయి దగ్గర మొదలుపెట్టాలి.

విశాఖ దగ్గర తూర్పు కనుమలు నేరుగా సముద్రం దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ అన్నీ అలా వచ్చిన కొండలే. వాటిలో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే రాయి. 1902లో కలహండి ప్రాంతపు భూగర్భాన్ని పరిశీలించిన టి.ఎల్.వాకర్, అక్కడి కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద ఆ రాయికి ఆ పేరు పెట్టాడు. చింతపల్లి వైపు బాక్సైటు గుట్టల అడుగున ఉన్నదీ ఖోండలైటే. నర్సీపట్నం పిల్లవాడు చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న కొండా, వైజాగు తీరంలో అల తగిలి పగిలే బండా ఒకే ఇంటి రాళ్లు. కొండ మీద ఎండకీ వానకీ అరిగితే ఎర్రమట్టి అవుతుంది. సముద్రం ఒడ్డున అల దెబ్బకి అరిగితే పల్లాలు, సందులు, గుంటలు పడతాయి. పోటు మీద ఉన్నప్పుడు సముద్రం వాటిని కప్పేస్తుంది. ఆటు తీసినప్పుడు నీళ్లు వెనక్కి పోయినా ఆ పల్లాల్లో కొంత మిగిలిపోతుంది. అలా మిగిలిన నీళ్లే రాతిగుంట. ఇంగ్లీషువాళ్లు టైడ్‌పూల్ అనేది దీన్నే.

విశాఖ దగ్గర సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు ఆటు తీస్తుంది. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే నిన్నటి వేళకి ఇవాళ వెళితే లెక్క 50 నిమిషాలు తప్పుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యచంద్రుల లాగుడు ఒకే గీత మీదకి వచ్చి ఎత్తుపల్లాలు పెరుగుతాయి, అష్టమి రోజుల్లో తగ్గుతాయి. అసలైన పెద్ద ఆటు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పాడ్యమి, విదియల్లో వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే టైడ్ టేబుల్లో గంట, నిమిషం, ఎత్తుతో సహా ఇదంతా ఉంటుంది. గోడ మీద పంచాంగం ఉన్న ఇంట్లో మాత్రం సగం టైడ్ టేబుల్ ఉన్నట్టే. గుజరాత్‌లో భావనగర్ దగ్గర సముద్రం పది మీటర్లు లేచి దిగుతుంది. విశాఖలో పెద్ద ఆటుపోట్ల నాడు కూడా ఆ తేడా ఒకటిన్నర మీటర్లు దాటడం అరుదు. అంటే ఇక్కడి రాతిగుంటల రాజ్యమంతా మనిషి ఎత్తు కంటే తక్కువ పట్టీలో ఇరుక్కుని ఉంటుంది. సముద్రం కొద్దిగా పెరిగినా, ఇసుక కొద్దిగా మేట వేసినా పోయేది ముందు ఈ పట్టీయే.

ఒక గుంట పక్కన గొంతుకూర్చుని చూస్తే ముందు ఏమీ కనబడదు. వాష్‌బేసిన్ అంత గుంట, అడుగున ఇసుక, పక్కన పచ్చటి జారుడు నాచు, అంతే అనిపిస్తుంది. నీడ పడకుండా రెండు నిమిషాలు కదలకుండా ఉంటే అడుగున ఒక నత్త నడవడం మొదలుపెడుతుంది. నత్తకి ఉండకూడనంత వడిగా నడుస్తుంది. అది నత్త కాదు, నత్త చచ్చిపోయాక వదిలిన గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి పీత. సన్యాసి అన్న పేరే గానీ ఇంటికోసం అది కొట్టుకునేంతగా సంసారులు కూడా కొట్టుకోరు. ఒంటి వెనకభాగం మెత్తన, పెంకు ఉండదు, గుల్ల లేకపోతే బతకదు. ఒళ్లు పెరిగినకొద్దీ పెద్ద గుల్ల కావాలి. బీచికి వచ్చినవాళ్లు జేబుల్లో నింపుకుపోయే గుల్లలు దాని లెక్కలో ఖాళీ ఇళ్లు. గుల్లలు ఏరుకోవద్దని చెప్పడానికి సెంటిమెంటు అక్కర్లేదు, ఈ ఒక్క సంగతి చాలు.

గుంట గోడకి పువ్వులా విచ్చుకుని ఉన్నది సీ అనిమోన్. దాని రేకులన్నీ కుట్టే చేతులు. నీడ కదిలితే ముడుచుకుపోయి ముదురాకుపచ్చ బొడిపె అయిపోతుంది. నీళ్లు పోయాక గుంట బయట రాతి మీద ఉండిపోయినవైతే ఒంటికి ఇసుకరేణువులు, గుల్లముక్కలు అద్దుకుని ఎండనుంచి కాచుకుంటాయి. ఇంకాస్త పైన రాయి గరుకుగా, బూడిదరంగులో, కాలు పెడితే గీసుకుపోయేలా ఉంటుంది. ఆ గరుకంతా బార్నకిళ్లు. ఒక్కొక్కటీ తలని రాయికి సిమెంటు పెట్టినట్టు అతికించుకుని, పైన తలుపులు తెరిచి, కాళ్లతో నీళ్లలోంచి తిండి లోపలికి లాక్కునే జీవి. నత్తల చుట్టంలా కనిపించినా పీతకీ రొయ్యకీ చుట్టం. పరిణామ సిద్ధాంతం పుస్తకం అచ్చు వేయకముందు చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటి మీదే గడిపాడు. వీటి పక్కనే చిన్న గిన్నె బోర్లించినట్టు ఉండేవి లింపెట్లు. నీళ్లొచ్చినప్పుడు నాచు గీక్కు తినడానికి బయల్దేరి, ఆటు తీసేలోగా చాలా జాతులు తమ చోటుకే తిరిగొస్తాయి. గుల్ల అంచూ రాతి గుంతా ఒకదానికొకటి డబ్బా, మూత లాగా సరిపోయేదాకా అదే చోటు అరగదీస్తాయి. కళ్లు సరిగ్గా లేని జీవి, చీకట్లో, అల కింద, దారి ఎలా పోల్చుకుంటుందన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తవ్వుతున్న ప్రశ్న. వెళ్లేటప్పుడు వదిలిన జిగురు జాడ అందులో ఒక జవాబు.

మిట్టమధ్యాహ్నం ఆటు తీస్తే ఈ గుంట ఎసరులా కాగుతుంది, నీరావిరై ఉప్పు పెరుగుతుంది. అదే వేళకి జోరు వాన పడితే ఉప్పు సగానికి పడిపోతుంది. రెండూ ఒకే వారంలో జరగొచ్చు. సముద్రం లోపల ఏడాది పొడుగునా నెమ్మదిగా వచ్చే మార్పు ఇక్కడ ఒక్క పూటలో వస్తుంది. రాతిగుంటని ప్రయోగశాల అనడం ఇందుకే. ఇది ఊరికే పొగడ్త కాదు. జీవావరణ శాస్త్రంలో పెద్ద ప్రయోగాలు కొన్ని ఇలాంటి రాళ్ల మీదే జరిగాయి. 1961లో జోసెఫ్ కానెల్ స్కాట్లండ్‌లోని ఒక దీవి రాళ్ల మీద రెండు జాతుల బార్నకిళ్లని విడదీసి చూసి, ఒక జీవి ఎంత పైకి బతకగలదో ఎండ నిర్ణయిస్తుందనీ, ఎంత కిందికి రాగలదో పక్కింటివాడి పోటీ నిర్ణయిస్తుందనీ తేల్చాడు. 1963లో రాబర్ట్ పెయిన్ అమెరికా వాషింగ్టన్ తీరంలో ఒక రాతి ముక్క మీదనుంచి నక్షత్రచేపలన్నిటినీ పీకి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్క ముక్కని ముట్టుకోలేదు. నక్షత్రచేపలు పోయినచోట ఆల్చిప్పల లాంటి మసెల్స్ రాతినంతా ఆక్రమించాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. తినేవాడు పోతే తినబడేవాళ్లు సుఖపడతారనుకుంటాం. ఇక్కడ తినేవాడు పోయి ఊరే పోయింది. 1969లో పెయిన్ ఇలాంటి జీవికి కమానులో నడిమి రాయి పేరు పెట్టాడు. ఆ ఒక్క రాయి తీస్తే కమాను కూలిపోతుంది కాబట్టి.

ఈ ప్రయోగాలన్నిటికంటే ఈ ఉపన్యాసానికి పనికొచ్చేది, ప్రయోగం కాని ఒక పని. కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ అనే చోట హాప్‌కిన్స్ మెరైన్ స్టేషను ఉంది. 1931 నుంచి 1933 దాకా విలిస్ హ్యూవాట్ అనే విద్యార్థి అక్కడి రాళ్ల మీద ఒడ్డునుంచి నీటిదాకా ఒక వరస గీసుకుని, గజం గజం చదరాలుగా ప్రతి జీవినీ లెక్కపెట్టాడు. వరస మళ్లీ దొరికేలా రాతిలో ఇత్తడి బోల్టులు దిగ్గొట్టాడు. థీసిస్ రాశాడు, డిగ్రీ తెచ్చుకున్నాడు. కథ అయిపోవాలి. అరవయ్యేళ్ల తరవాత, 1993లో ఇద్దరు డిగ్రీ విద్యార్థులు ఆ థీసిస్ పట్టుకుని రాళ్ల మీద వెతికితే ఆ బోల్టులు దొరికాయి. అదే వరసలో అవే చదరాల్లో మళ్లీ లెక్కపెట్టారు. ఈ మధ్యలో అక్కడి తీరపు నీరు సగటున ముప్పావు డిగ్రీ వేడెక్కింది. దక్షిణాదిన, వెచ్చటి నీళ్లలో బతికే తొమ్మిది జాతుల్లో ఎనిమిది పెరిగాయి. ఉత్తరాదిన, చల్లటి నీళ్లలో బతికే ఎనిమిదింటిలో అయిదు తగ్గాయి. 1995లో 'సైన్స్' పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం, వాతావరణ మార్పుతో జీవుల ఊళ్లు మారుతున్నాయని తొలిరోజుల్లో చూపించిన రుజువుల్లో ఒకటి. దానికి కావలసి వచ్చిన పరికరాలు ఒక పాత థీసిస్, రెండు జతల కళ్లు, కొన్ని బోల్టులు.

బడి భాషలో చెప్పాలంటే హ్యూవాట్ చేసింది హాజరు తీయడం. 1930లలో ఎవరెవరు 'ఉన్నాను సార్' అన్నారో రాసిపెట్టాడు కాబట్టే 1990లలో ఎవరు రాలేదో తెలిసింది.

వాల్తేరు తరం చేసిందీ ఇదే. గణపతి, లక్ష్మణరావు, నాగభూషణం కలిసి విశాఖ హార్బరులో ఓడల అడుగుకి, దుంగలకి ఏయే జీవులు ఏయే నెలల్లో పడతాయో లెక్కగట్టారు. 1958లో విశ్వవిద్యాలయం వేసిన సముద్ర శాస్త్ర సంపుటంలో అది అచ్చయింది. తెప్పనీ దుంగనీ లోపల్నుంచి తొలిచి జల్లెడ చేసే నావపురుగు దుంగలకి పట్టే అలాంటి జీవే. అది పురుగు కాదు, రెండు చిప్పల్ని రంపంలా వాడుకునే ఆల్చిప్ప జాతి. 1962లో గణపతి, చంద్రశేఖరరావు వాల్తేరు బీచి ఇసుకలో, రేణువుకీ రేణువుకీ మధ్య సందులో బతికే జీవుల గురించి రాశారు. ఆర్కే బీచిలో పల్లీల పొట్లం పట్టుకుని కూర్చున్నవాళ్ల కింద ఉండే జనాభా అది, కంటికి ఆనదు. 1964లో ఉమామహేశ్వరరావు, శ్రీరాములు విశాఖ రాళ్ల మీది నాచుల లెక్కలు బ్రిటన్ నుంచి వచ్చే 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో వేయించారు. ఏ నాచు ఏ మట్టంలో పెరుగుతుంది, ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోతుంది అన్నది అందులో ఉంది. జపానువాళ్లు అన్నం చుట్టుకుతినే నోరి నాచుకి దగ్గరి చుట్టం పోర్ఫైరా మన రాళ్ల మీద కూడా పెరుగుతుందని ఇలాంటి పరిశీలనల వల్లే లోకానికి తెలిసింది.

ఆ రోజుల్లోనే అమెరికానుంచి యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి, నౌకాదళం ఓడల మీద విద్యార్థుల్ని తీసుకెళ్లి బంగాళాఖాతం నీటిని కొలిపించాడు. ఏడాది మొదటి నెలల్లో ఈ తీరం వెంట అడుగు నీరు పైకి వస్తుందని, ఆ తరవాత కాలంలో పైనీరు కిందికి దిగుతుందని 1954లో రాశాడు. ప్రవాహం కూడా ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికీ, అక్టోబరు తరవాత దక్షిణానికీ పారుతుంది. ఆయనే తరవాత ఈ తీరం ఎదుట సముద్రగర్భంలో కనిపెట్టిన లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహదేవన్ అంటే విశ్వవిద్యాలయంలో జియాలజీ ఆచార్యుడు సి.మహదేవన్. వాల్తేరు మాస్టారి పేరు ఏ వీధిలోనూ కనిపించకపోయినా సముద్రం అడుగున ఒక లోయకి ఉంది.

ఈ పాత హాజరుపట్టీని పట్టుకుని ఇవాళ అవే రాళ్ల మీదకి వెళితే ఎవరున్నారు, ఎవరు లేరు అని చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. మధ్యలో జరిగింది ఒక్కటి కాదు. 1933లో మొదలైన లోపలి హార్బరుకి 1976లో బయటి హార్బరు తోడయింది. దాని అడ్డుకట్టలు తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుకని ఆపాయి. ఆగిన ఇసుకని తవ్వి పైపుల్లో ఆర్కే బీచి వైపు పోస్తూ వస్తున్నారు. ఇసుక ఎక్కువైన ఏడు రాళ్లు పూడిపోతాయి, తక్కువైన ఏడు కొత్త రాళ్లు బయటపడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఒడ్డునే మార్చిపారేసింది. నగరం పెరిగి గెడ్డల్లో మురుగు పెరిగింది. 1937 నుంచి విశాఖ రేవులో నడుస్తున్న ఆటుపోట్ల కొలమానం సముద్ర మట్టం కూడా మారుతోందని చెబుతోంది. ఒక గుంటలో అనిమోన్లు లేవంటే నేరం మురుగుదా, ఇసుకదా, వేడిదా, తుపానుదా? ఒక్క రోజు వెళ్లి ఒక్క ఫొటో తీసినవాడు ఏదో ఒకటి చెబుతాడు, చెప్పి తీరతాడు, టీవీలో కూడా చెబుతాడు. నెలనెలా పదేళ్లు వెళ్లినవాడు మాత్రం ఆచితూచి మాట్లాడతాడు, ఆ మాటకి నిలబడతాడు.

విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే సంస్థ కొన్నేళ్లుగా ఆటువేళల్లో జనాన్ని రాతిగుంటల దగ్గరికి నడిపిస్తోంది. పిల్లలు, ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్లు వస్తారు. ఫోనులో ఫొటో తీసి, చోటూ వేళా కలిపి, అందరూ చూసే జాబితాలో పెడతారు. ఎక్కడో ఉన్న నిపుణుడు పేరు చెబుతాడు. బొంబాయిలో 2017లో మొదలైన 'మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై'దీ ఇదే పద్ధతి. ఆ నగరంలో మురికి సముద్రమే తప్ప జీవులు లేవని నమ్మినవాళ్లకి, కోస్టల్ రోడ్డు పనులు జరిగే చోట పగడాలున్నాయని తెలిసి ఆశ్చర్యం వేసింది. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే చట్టం కళ్లలో పులితో సమానం. 2020లో ఆ చోటనుంచి 18 పగడాల గుంపుల్ని వేరే రాళ్ల మీదకి తరలించారు. తరలించడం మంచి పనా, కంటితుడుపా అన్న వాదన వేరు. అసలు అవి ఉన్నాయని తెలియకపోతే ఆ వాదన కూడా ఉండేది కాదు.

చట్టం రాతిగుంటల్ని మరిచిపోలేదు. 1991లో తొలిసారి వచ్చి, 2011లో, 2019లో మారిన తీర నియంత్రణ మండలం నోటిఫికేషన్‌లో పోటు గీతకీ ఆటు గీతకీ మధ్య ఉన్న పట్టీకి ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది, సీఆర్‌జడ్ ఒకటి-బి. కాగితం మీద గీత ఉంటుంది గానీ ఆ గీతల మధ్య ఎవరుంటారో కాగితం చెప్పదు. నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకి 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడు రాజయ్యపేట మత్స్యకారులు ఆ పార్కు వద్దని ఆందోళనకి దిగారు. వాళ్ల భయం సముద్రంలోకి వదిలే నీళ్ల గురించి. ప్రభుత్వం మాట ఉద్యోగాల గురించి. రెండు పక్షాల్లో ఎవరిది రైటు అన్నది ఇక్కడ తేలే సంగతి కాదు. కానీ ఒక లోటు మాత్రం రెండు పక్షాలకీ ఉంది. పర్యావరణ నివేదికకి చాలా ప్రాజెక్టుల్లో వానాకాలం కాకుండా ఒక్క సీజను కొలతలు తీస్తే సరిపోతుంది. ఏడాదిలో ప్రవాహమే దిక్కు మార్చుకునే తీరంలో ఒక్క సీజను కొలత అంటే, పిల్లవాడి హాజరు దసరా సెలవుల్లో చూసి మార్కులు వేయడమే. రేపు ఏదైనా తేడా వస్తే ఒకరు అంతా పోయిందంటారు, ఇంకొకరు ముందునుంచీ ఇంతే అంటారు. మధ్యలో చూపించడానికి రిజిస్టరు ఉండదు.

ఆ రిజిస్టరు రాయడం నర్సీపట్నం హైస్కూలు పిల్లలకి చేతకాని పనేమీ కాదు. ఊళ్లోంచి అడ్డరోడ్డు దాకా వచ్చి హైవే దాటితే రేవుపోలవరం, కొండా సముద్రమూ పక్కపక్కన ఉండే చోటు. కావలసిన సామాను అర మీటరు పొడుగున్న ప్లంబింగ్ పైపు ముక్కలు నాలుగు, వాటిని కలిపే మూలలు నాలుగు. ఆ చదరాన్ని రాతి మీద పెట్టి లోపల ఉన్నవి లెక్కపెట్టడమే. అయిదుగురికి ఒక చదరం. ఒకరు లెక్కపెడితే ఒకరు రాయాలి, ఒకరు ఫొటో తీయాలి, మిగతా ఇద్దరూ మళ్లీ లెక్కపెట్టి మొదటివాళ్ల తప్పు పట్టాలి. తప్పు పట్టడానికి పిల్లలు మహా ఉత్సాహపడతారు, శాస్త్రానికి కావలసిందీ అదే. తలకిందులు చేసిన రాయిని మళ్లీ మొదట ఉన్నట్టే పెట్టాలి. రాతి కింద ఉండే జీవి ఎండకి చస్తుంది, రాతి పైన ఉండే నాచు చీకటికి చస్తుంది. దేన్నీ ఇంటికి తేకూడదు. జాజికాయ రంగు తివాచీలా రాతిని పట్టి ఉండే జోయాంథిడ్లని వేలితో తాకకూడదు. వాటిలో కొన్నిటి విషం లోకంలో తెలిసిన గట్టి విషాల్లో ఒకటి. అందమైన కోను ఆకారపు గుల్ల కదులుతుంటే దాన్నీ ముట్టుకోకూడదు, లోపల బాణం ఉంటుంది.

తల్లిదండ్రుల భయం వేరే ఉంది, అది న్యాయమైన భయం. 2022 జూలైలో పూడిమడక దగ్గర నీళ్లలోకి దిగిన ఇంజనీరింగ్ విద్యార్థులు అలలకి కొట్టుకుపోయారు. ఆ వార్త ఈ జిల్లాలో ఇంకా పచ్చిగానే ఉంది. పిల్లల్ని సముద్రానికి దూరంగా ఉంచడం ఒక పద్ధతి. మరి కొన్నేళ్లకి వాళ్లే బైకులేసుకుని, ఎవరికీ చెప్పకుండా, పోటువేళకి వెళతారు. ఆటు ఎప్పుడు తీస్తుందో, ఎంతసేపు ఉంటుందో, అలకి వీపు ఎందుకు తిప్పకూడదో పదమూడేళ్లకే రాళ్ల మీద నేర్చుకున్నవాడు ఆ బైకు మీద ఉంటే కొంత నయం. రాతిగుంటల పాఠం మొదటి అరగంట ఎప్పుడూ ఇదే కావాలి. ఆటు అట్టడుగుకి చేరకముందే వెళ్లి, తిరుగుపోటు మొదలవగానే వచ్చేయాలి. ఒక పెద్దమనిషి గుంటల వైపు చూడకుండా సముద్రం వైపే చూస్తూ నిలబడాలి.

ఆ పెద్దమనిషి ఊరి మత్స్యకారుడైతే ఇంకో పని కూడా జరుగుతుంది. పాఠ్యపుస్తకంలో ఈ జీవులకి తెలుగు పేర్లు దాదాపు లేవు. ఈ ఉపన్యాసంలో కూడా అనిమోన్, లింపెట్, బార్నకిల్ అని తెలుగు లిపిలో ఇంగ్లీషే రాయాల్సి వచ్చింది. తీరంలో జాలరులకీ వాడబలిజలకీ వీటిలో చాలావాటికి పేర్లున్నాయి. ఏది తినొచ్చు, ఏది దురద పెడుతుంది, ఏది గాలానికి ఎర, ఏది కనబడితే చేప దగ్గరికొచ్చినట్టు అన్న లెక్కలూ ఉన్నాయి. ఆటువేళ రాళ్ల మీద చిప్పలు కొట్టి ఏరుకునే ఆడవాళ్లకి ఏ బండ ఏ ఏడు ఖాళీ అయిందో నోటికి తెలుసు. వాల్తేరు తరం లాటిన్ పేర్లతో రాసింది, ఆ పేర్లు లేనిదే లోకం చదవదు. ఊరి పేర్లని మాత్రం పుస్తకాలు అంతగా పట్టించుకోలేదు. ఒక ముసలమ్మ పోయినప్పుడల్లా కొన్ని పేర్లు పోతున్నాయి.

కాబట్టి రిజిస్టరులో గడులు ఇలా ఉండాలి. తేదీ, తిథి. టైడ్ టేబుల్ ప్రకారం ఆటు వేళ, అక్కడికి చేరిన వేళ. నీటి వేడి. ఏ రాయి, ఏ చదరం. జీవి పుస్తకం పేరు, ఊరి పేరు, ఊరి పేరు ఎవరు చెప్పారు. ఎన్ని. ఈ చివరి గడి దగ్గర పిల్లలు తడబడతారు. ఏమీ కనిపించకపోతే గడి ఖాళీగా వదిలేసి తరవాతి చదరానికి వెళ్లిపోతారు. ఖాళీ గడి అంటే చూడలేదని అర్థం. చూసి లేదని తెలిస్తే అక్కడ సున్నా రాయాలి. ఇరవయ్యేళ్ల తరవాత ఆ రాయి దగ్గరికి వచ్చేవాడికి ఆ సున్నాలో ఎంత ఉందో హ్యూవాట్ బోల్టులు వెతికిన ఆ ఇద్దరు విద్యార్థుల కథే చెబుతుంది.

తిరుగుపోటు మొదలైన గంటలో చదరం పెట్టిన చోటు నీళ్ల కిందికి పోతుంది. బార్నకిళ్లు తలుపులు తెరుస్తాయి. పొద్దుట లెక్కలోకి ఎక్కిన లింపెట్టు తన గుంత వదిలి నాచు గీక్కోవడానికి బయల్దేరుతుంది. అప్పటికి బస్సు హైవే దాటి కొండల వైపు తిరిగి ఉంటుంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు మూడో చదరంలో ఉన్నవి పద్నాలుగా పదిహేనా అని ఇంకా తగువులాడుకుంటూ ఉంటారు. ఫొటో తీసినవాడి ఫోనులో చార్జింగు అయిపోయి ఉంటుంది.